దేవుడి ఉన్ని

అనంతపురం జిల్లాలో చలా అని నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎండలకు మాడిపోయే సీమ అని పేరు పడ్డాక మాకు చలి వేయడానికి కూడా ఎవరో ఒప్పుకోవాలేమో. మంచు కురిసే దేశాల్లో మనుషులకు కోట్లుంటాయి, చుట్టూ గోడలుంటాయి. ఆ రోజు మిట్ట మీద మాకున్నవి తడిసిన బట్టలు, అడ్డం లేని గాలి. ఆ రెండూ కలిస్తే మంచు అక్కర్లేదు. మనిషి పోవడానికి అవి చాలు.

నా పెళ్ళైన మూడో ఏడది. డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో, సరిగ్గా చెప్పలేను. గోరంట్ల పక్క మా ఊళ్ళో చెరువు అడుగంటి పగిలిపోయింది. శెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే ఎండింది. మేం కురుబలం, గొర్రెలే మాకు ఆస్తి. వాటికి మేత లేక మామ ముత్యాలప్ప, నా మొగుడు ఈరన్న, నేను మందను తోలుకుని చిలమత్తూరు పైనున్న మిట్టకు పోయాం. బయ్యన్న అనే రైతు తన బీడులో మంద నిలుపుకోమన్నాడు. గొర్రెల పెంట ఆయన భూమికి ఎరువవుతుంది, బదులుగా మాకు రాగులు ఇస్తాడు. మా సామాన్లు మోయడానికి ఒక గాడిద ఉండేది.

ఆ గాడిద గురించి కాస్త చెప్పాలి. మా ఇళ్ళలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. నెత్తిన కొంగు వేసుకుని తలుపు చాటున నిలబడాలి. బీడులో తలుపెక్కడిది? అందుకని నేను గాడిద చాటున నిలబడి, మామకు చెప్పాల్సినవన్నీ గాడిదకే చెప్పేదాన్ని.

"ఏమే గాడిదా, ముద్ద చల్లారిపోతాండాది. తినేవాళ్ళు తింటారా, కుక్కకు ఎయ్యల్లా?"

మామ దగ్గుకుంటూ వచ్చి కూర్చునేవాడు. ఆయనకు నాతో పని పడితే ఆకాశం వైపు చూసి, "రోంత మజ్జిగుంటే బాగుండు" అనేవాడు. మూడేళ్ళలో ఆయన నా ముఖం ఒక్కసారైనా నేరుగా చూశాడని నేననుకోను. నా నోరు ఎలాంటిదో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

మార్గశిరంలో మా బీరప్ప దేవుడి పండగ. ఏడాదికొక ఇంటివాళ్ళు దేవుడికి కొత్త కంబళి నేయించి కప్పాలి. ఆ ఏడు వంతు మాకొచ్చింది. వంతు వచ్చినవాళ్ళు తమ మందలో ఒక్క గొర్రెను కూడా వదలకుండా అన్నింటి ఉన్ని కత్తిరించి, అంతా కలిపి దేవుడి పేర సంచికెత్తాలి. ఒక్కదాన్ని వదిలినా మొక్కు చెల్లదు. ఎత్తిన సంచి మీద ఎవరూ కూర్చోకూడదు, పడుకోకూడదు, నేసేవాడి చేతికి ఇచ్చేదాకా కుట్టు విప్పకూడదు. మా మామ అసలే ఇలాంటి విషయాల్లో గట్టి మనిషి.

కార్తీకం సగం గడిచాక ఒక పొద్దున ఆయన కత్తెర నూరడం మొదలుపెట్టాడు. ఈరన్న తూర్పు వైపు చూపించాడు.

"నాయనా, ఆ పక్క మబ్బు పట్టుండాది. సగం మందకే కత్తిరిస్తాం. తక్కినవి ఊరికి పోయినాక చూస్తాం."

"ఏడంతా కప్ప తడిసే వాన గూడా పళ్ళేదు. ఇప్పుడు పడతాదా?" అన్నాడు మామ. "దేవుని పని సగం సగం చేస్తారంట్రా ఎవురన్నా?"

"వాన కాదు నాయనా, గాలి తిరిగితే..."

"తిరగనీ. నా నెత్తి ఈ గొర్రెల్లోనే నెరిసింది. నాకు చెప్పొచ్చినావు."

నేను గాడిద మెడ నిమురుతూ, "నీ బొచ్చు గూడా గీకుతారేమో, జాగ్రత్తమ్మా" అన్నాను. మామ ఆకాశానికి చెప్పాడు, "గాడిదకు నోరెక్కువైంది" అని. ఈరన్న నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఆ నవ్వే ఆఖరు. తర్వాత చాలా కాలం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

పొద్దుగూకేలోపు మందంతా బోడిగా నిలబడింది. ఉన్ని కింద అవి ఎంత బక్కచిక్కి ఉన్నాయో అప్పుడే కనబడింది. డొక్కలు లోపలికి పోయి, తోలు ఎముకలకు అంటుకుని ఉంది. కరువు ఏడు మరి, మేము మాత్రం ఏం లావుగా ఉన్నాం? ఉన్నిని రెండు గోనెసంచుల్లో కూరి, మూతులు మామ తన చేత్తో కుట్టి పసుపు పూశాడు. బయ్యన్న చేలో ఏరిపోసిన రాళ్ళ కుప్ప ఒకటుంది, నా నడుమెత్తున. దాని పక్కన బండ మీద సంచులు పెట్టి, పైన ఖాళీ యూరియా సంచులు కప్పి రాళ్ళు పెట్టాడు.

తెల్లవారేసరికి గాలి తూర్పు నుంచి తిరిగింది. దాంతో పాటు తుంపర. అది వాన కాదు. పెద్ద వానైనా బాగుండేది, ఒకసారి కురిసి పోయేది. ఇది సన్నగా, అడ్డంగా, ఆగకుండా వచ్చింది. మద్రాసు పక్క తుఫాను పట్టిందని తర్వాత ఎవరో చెప్పారు. తుఫాను అక్కడ పడితే దాని గాలి మా మిట్ట మీదికొచ్చింది.

మొదట చెవులు నొప్పి పుట్టాయి. తర్వాత ఆ నొప్పి దవడల్లోకి దిగి నోరు తెరవడం కష్టమైంది. చీర తడిసి కాళ్ళకు చుట్టుకుంది, అడుగు తీసినప్పుడల్లా తడి గుడ్డ పిక్కల మీద చెళ్ళున కొట్టేది. పొయ్యి వెలిగిద్దామని రాళ్ళ కుప్ప చాటున కూర్చున్నాను. కూర్చోగానే ఆశ్చర్యం వేసింది. అదే తుంపర, అదే తడి చీర, కానీ చలి సగానికి తగ్గింది. లేచి తల కుప్ప పైకి రాగానే మళ్ళీ ముఖం మీద కొరడాతో కొట్టినట్టు తగిలింది. అప్పుడు తెలిసింది నాకు, మమ్మల్ని చంపుతున్నది చలి కాదు, గాలి అని. ఒళ్ళు కష్టపడి కాసింత వేడి పుట్టిస్తుంది. గాలి వచ్చి దాన్ని అక్కడికక్కడే ఎత్తుకుపోతుంది. మళ్ళీ పుట్టిస్తే మళ్ళీ ఎత్తుకుపోతుంది. అగ్గిపుల్లలు ఒక్కొక్కటే గీశాను. కొన్ని తడిసి గీసుకోలేదు, కొన్ని గీసుకున్నా నిలవలేదు. ఖాళీ పెట్టెను గాలికే విసిరికొట్టి బూతులు తిట్టాను.

గొర్రెల సంగతి ఇంకా ఘోరం. గాలికి ముఖం పెట్టి గొర్రె నిలబడదు. వెనక్కి తిరిగి, గాలి ఎటు తోస్తే అటు నడుస్తుంది. పడమటి పక్క లోతైన వంక ఉంది, ఎండిపోయిన వాగు. మందంతా తలలు దించుకుని అటే కదిలింది. ఈరన్న ముందుకు ఉరికి చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. మామ వెనక నుంచి అరుస్తూ వాటిని రాళ్ళ కుప్ప వైపు మళ్ళించాలని చూశాడు. ఒక పక్క మళ్ళిస్తే ఇంకో పక్క జారిపోయాయి. చలికి తాళలేక ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కింద పడ్డవి లేవలేదు. నేను నాలుగింటిని కొమ్ములు పట్టి పక్కకు లాగాను. అప్పుడే ఒకటి గమనించాను. గజగజ వణికేది, లాగి నిలబెడితే నిలబడుతోంది. వణుకు ఆగిపోయినది మాత్రం, నా చేతుల్లోనే కళ్ళు తేలేస్తోంది.

మామ తన కంబళి తీసి ఈనడానికి దగ్గరపడ్డ రెండు గొర్రెల మీద వేశాడు. "ఏసుకో నాయనా!" అని ఈరన్న అంత దూరం నుంచి అరిచాడు. మామ వినలేదు, లేక విననట్టు ఉన్నాడు. తడి చొక్కాతో, తడి పంచెతో మధ్యాహ్నం దాకా ఆ గాలిలో తిరిగాడు. మంద వంక వైపు జారిపోతూనే ఉంది. చివరకు ఈరన్న వాటి వెంట దిగిపోయాడు. దిగే ముందు నా వైపు చూసి, "నాయన్ని చూసుకో" అని అరిచాడు. తుంపరలో మనిషి కనిపించకుండా పోయాడు.

నేను మామ కోసం వెదికాను. కాలు తడబడుతూ, తాగినవాడిలా ఒకే చోట చుట్టూ తిరుగుతున్నాడు. చెయ్యి పట్టుకోవడానికి జంకాను, నా బతుకు చెడ! కొంగు అంచు ఆయన చేతికిచ్చి లాక్కొచ్చాను. రాళ్ళ కుప్ప చాటున కూలబడ్డాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నేను ఆయనకు వీపు పెట్టి, గాలికి అడ్డంగా కూర్చున్నాను. అంతకన్నా దగ్గర జరగడానికి మర్యాద అడ్డం వచ్చింది.

కాసేపటికి వెనక చప్పుడు ఆగిపోయింది. పళ్ళ చప్పుడు లేదు. తిరిగి చూశాను. మామ నింపాదిగా కూర్చుని చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. ముఖం మీద బాధ లేదు. పెదాలు మాత్రం నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి.

"ఉక్కపోస్తాండాది" అన్నాడు. "ఈ యాలప్పుడు ఏం ఉక్క!"

పొద్దున నా చేతుల్లో వణుకు మానిన గొర్రెలన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఈరన్న లేడు. గాడిద కూడా కట్టు తెంపుకుని గాలి వాలునే పోయింది. బయ్యన్న ఊరు ఆ గాలిలో నేను చేరుకోలేనంత దూరం. నిప్పు లేదు. పొడిగా ఉన్నది ఆ బీడంతటిలో ఒక్కటే, యూరియా సంచుల కింద దేవుడి ఉన్ని.

ఆలోచించానంటే అబద్ధం. కత్తెర అందుకున్నాను. ఏ కత్తెరతో మందను బోడి చేశాడో అదే. వేళ్ళు వంగలేదు, రెండు అరచేతుల మధ్య ఇరికించి పసుపు కుట్టు మీద పొడిచాను. మామ చూపు అప్పుడు కాస్త తేరుకుంది.

"ఏయ్! దేవుని బొచ్చు అది! ముట్టొద్దు!"

"ముడతా."

"కళ్ళు పోతాయి!"

"పోనీ మామా. కాళ్ళు చాపు."

మూడేళ్ళలో మొదటిసారి నేను ఆయన్ను మామా అని నేరుగా పిలిచాను. పిలిచినట్టు కూడా నాకు అప్పుడు తెలియలేదు.

సంచి మూతి తెరుచుకోగానే గాలి అందులోకి దూరింది. నల్లవి, తెల్లవి, ఉన్ని ఉండలు ఉండలుగా లేచి పడమటికి ఎగిరిపోయాయి, గొర్రెలు పోయిన దారినే. నేను సంచి మీద బోర్లా పడి మూతి మూశాను. కుప్పగా పోసి కప్పుదామంటే గాలి నిలవనివ్వదు. ఇక మనిషినే సంచిలో పెట్టాలి. సగం ఉన్ని రెండో సంచి కింద అదిమి పెట్టి, మామ తడి చొక్కా, తడి పంచె లాగేశాను. కళ్ళు మూసుకున్నానని చెప్పుకోవచ్చు కానీ చూడకుండా ఎట్లా తీస్తారు? ఆయన నన్ను తిట్టాడు, తోశాడు, ఆ తోపులో చిన్నపిల్లవాడికున్న బలం కూడా లేదు. కాళ్ళు సంచిలోకి తోసి, చంకల దాకా లాగి, చుట్టూ ఉన్ని కూరాను. పొట్ట మీద, గుండె మీద, మెడ చుట్టూ, నెత్తి మీద కూరాను. పైన యూరియా సంచి కప్పాను. పంచె ముక్కతో కట్టేశాను. రెండో సంచిని గాలి వైపు నిలబెట్టి, దానికి నా వీపు ఆనించి, మామను సంచితో సహా నా ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

ఎవరైనా చూస్తే ఏమంటారో నాకు తెలుసు. ఆ చూసేవాళ్ళు ఎవరైనా వస్తే బాగుండని ఏడ్చాను.

ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. నిద్రపోతే లేవడని భయం పట్టుకుంది. అందుకని మాట్లాడటం మొదలుపెట్టాను. గాడిదకు చెప్పినవన్నీ ఆయన చెవిలో చెప్పాను. "నీకు ఉప్పెక్కువైందని ముద్ద వదిలిపెట్టినావే, ఆపొద్దు ఉప్పు ఏసింది నీ కొడుకు, నేను కాదు. మా నాయన వస్తే మంచం మిందనుంచి లేయకపోతివి. సగం మందకు కత్తిరిస్తామంటే ఇనకపోతివి. ఇను మామా. ఈపొద్దన్నా ఇను. నిద్రపోవద్దు." ఆయన అప్పుడప్పుడు ఊఁ అనేవాడు. ఊఁ అననప్పుడు చెంప మీద కొట్టాను. నిజంగానే కొట్టాను. నా వీపు వెనక గాలి ఈల వేస్తూనే ఉంది, నా చేతులు నావి కానట్టు అయిపోయాయి. బీరప్పను ఏం అడిగానో గుర్తులేదు, తిట్టింది మాత్రం గుర్తుంది.

వెలుతురు తగ్గే వేళకు సంచిలో ఏదో కదిలినట్టయింది. మొదట నా చేతులే వణుకుతున్నాయనుకున్నాను. కాదు. మామ భుజాలు. తర్వాత దవడ. పళ్ళు ఒకసారి కొట్టుకున్నాయి, ఆగాయి, మళ్ళీ కొట్టుకున్నాయి. చివరకు సంచంతా గడగడ వణికింది. ఏ వణుకు ఆగిందని బెదిరిపోయానో అదే వణుకును గుండెలకు హత్తుకుని బోరున ఏడ్చాను.

మామ తల తిప్పి నా ముఖం చూశాడు. నెత్తి మీద కొంగు లేదు, జుట్టంతా ఉన్ని, బురద. ఆయన చూపు తిప్పుకోలేదు.

"మంద?" అన్నాడు.

"తెలీదు మామా. నీ కొడుకు వాటి ఎనకాల పోయినాడు."

చాలాసేపు వణికాడు. తర్వాత నన్ను అడిగాడు, ఆకాశాన్ని కాదు, నన్ను. "నన్నెందుకు కప్పినావు? రెండు గొర్రెల మింద ఏసింటే అవన్నా బతికుండేటివి."

నా ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. "గొర్రెలు మళ్ళా ఈనుతాయి. నిన్ను ఎవురు ఈనల్ల ఇప్పుడు? నోరు మూసుకోని వణుకు!"

ఆయన నోరు మూసుకుని వణికాడు.

గాలి తగ్గాక ఈరన్న వచ్చాడు. చంకలో ఒక పిల్ల, వెనక ఒక గుప్పెడు గొర్రెలు. అంతే. మా ముందు నిలబడి, తెగిన పసుపు కుట్టు చూశాడు, సంచిలో తండ్రిని చూశాడు, తండ్రిని పట్టుకుని కూర్చున్న నన్ను చూశాడు. 

"ఉండాడా?" అన్నాడు.

"ఉండాడు."

పిల్లను తండ్రి ఒళ్ళో పెట్టి, రెండో పక్క నుంచి వచ్చి మా ఇద్దరినీ కలిపి పట్టుకున్నాడు. వంకలో ఏం జరిగిందో అలా పట్టుకునే చెప్పాడు. కిందవి పైవాటి బరువుకు ఊపిరాడక పోయాయి. పైవి చలికి పోయాయి. మధ్యలో ఉన్నవాటిని లాగితే ఇవి మిగిలాయి.

మామ ఏడవలేదు. "నేనే కదప్పా కత్తిరించింది" అన్నాడు. "ఒళ్ళు మింద బొచ్చుంటే తట్టుకోని ఉండేటివి. నేనే కదా." మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. చెవులు మూసుకోవాలనిపించింది, కానీ చేతులు వదిలితే ఆయనకు చలి తగులుతుందని వదల్లేదు.

మార్గశిరంలో పండగ రానే వచ్చింది. గాలి ఎత్తుకుపోగా మిగిలిన ఉన్నితోనే మామ కంబళి నేయించాడు. ఎవరు చెప్పినా కొత్త ఉన్ని కొని కలపడానికి ఒప్పుకోలేదు. గుడి ముందు కులపెద్దలంతా కూర్చున్నారు. సంచి సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఆడదాన్ని, అందులోనూ కోడల్ని, ఏ మాట అనాలో అన్నీ అని ఉంటారు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను.

పూజారి ఆదెన్న అడిగాడు. "దేవుని సంచి కుట్టు ఎవురు ఇప్పినారు ముత్యాలప్పా?"

ఈరన్న ఏదో చెప్పబోయాడు. మామ చేయి అడ్డం పెట్టాడు. "నేనే. సచ్చిపోతాంటి. దాంట్లో పండుకొని బతికినా. తప్పంటే నాకు ఎయ్యండి."

ఆదెన్న కంబళి విప్పి దేవుడికి కప్పాడు. తల నుంచి కప్పితే కింద చాలలేదు. కిందికి లాగితే భుజాలు బయటపడ్డాయి. అటూ ఇటూ లాగి చూశాడు. దేవుడి రాయి సగం బోడిగా, మా గొర్రెల్లాగే నిలబడింది.

"కురచగా ఉండాదప్పా" అన్నాడు ఆదెన్న. "దేవునికి చాలదు. ఇట్ల కప్పితే ఎట్ల?"

మామ లేచాడు. గట్టి మనిషని చెప్పాను కదా, పండగలో ఒక్క అక్షరం తప్పినా ఊరుకునేవాడు కాదు. లేచి గుడి గడప దాకా పోయి దేవుడి ముఖంలోకి చూశాడు.

"చాలకపోతే చాలకపోనీ" అన్నాడు. "ఈ ఒక్క ఏడు ఆయనకు గూడా చలి తెలియనీ."

పెద్దలు గొణుక్కున్నారు. ఆదెన్న చెంపలు వేసుకున్నాడు. మామ ఎవరి వైపూ చూడకుండా వెనక్కి తిరిగి, "ఆంజినమ్మా, పోదాం రా" అని అందరి ముందూ నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను ఆడవాళ్ళను తప్పించుకుని వెళ్ళి ఆయన పక్కన నడిచాను.